చుక్క నీరు చొరకూడదు

తెలుగులో ఓటమికి సంబంధించిన మాటలన్నీ నీళ్ళలోనే నానుతుంటాయి. ఆశ పోతే నీరుగారిపోతాం. జవాబు లేకపోతే నీళ్ళు నములుతాం. ఇక రాదనుకున్నదానికి నీళ్ళు వదులుకుంటాం. ఈ మూడూ నేను జీతం తీసుకుని మరీ చేశాను. నా పని కరెంటు కనెక్టర్లకు డిజైన్లు గీయడం. మోటారు నుంచి వచ్చే వైరునీ, కరెంటు తెచ్చే వైరునీ కలిపే బొటనవేలంత ప్లాస్టిక్ పెట్టె అది. ఒక సగం ఇంకో సగంలోకి టక్కుమని దూరుతుంది. రెంటికీ మధ్య ఒక రబ్బరు రింగు నలిగి కూర్చుంటుంది. నీళ్ళలో ముంచినా లోపలికి చుక్క పోకూడదు. అంతే. చెప్పడానికి మంచినీళ్ళు తాగినంత సులువు.

మా ఇంట్లో మగవాళ్ళందరిదీ మద్రాసు జార్జి టౌన్‌లో గోనెసంచుల హోల్‌సేల్ వ్యాపారం. గోనెసంచి ఏ కాలంలోనూ నీళ్ళను ఆపింది లేదు, ఆపుతానని మాట ఇచ్చిందీ లేదు. అందుకేనేమో నా పని ఇంట్లో ఎవరి బుర్రకీ ఎక్కలేదు. వాషర్‌మెన్‌పేట్‌లో మా అమ్మ నాతోనే ఉంటుంది. నేను ముఖం వేలాడేసుకుని వచ్చినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట.

"ఏందిమే, దాన్ని నువ్వే నీళ్ళల్లో ఎయ్యడం, నువ్వే తీసి తడిసిపోయిందని ఏడవడం. ఎయ్యకుండా ఉంటే సరిపోద్ది గదా!"

నిజమే. కానీ ఆ ఏడాది వెయ్యక తప్పని పరిస్థితి.

మాది మనలి రోడ్డు మీద చిన్న యూనిట్. కింద ప్లాస్టిక్ అచ్చులు పోసే మిషన్లు, మేడ మీద డిజైన్ రూము. అందులో నేనూ, కాకినాడ నుంచి వచ్చి టెస్టింగు చూసే ఇంకొకావిడా. ఓనరుగారిదీ మా వాషర్‌మెన్‌పేటే. తాతల నాటి తెలుగు, దాని మీద ఎంత అరవం పడాలో అంతా పడిన నోరు. కోయంబత్తూరులోని ఒక పంపుల కంపెనీ, వాననీళ్ళు తోడే పంపులకు కనెక్టర్లు కావాలని అడిగినప్పుడు ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"చూడమ్మా, వాళ్ళు ఒప్పుకుంటే నీ రూము ఉంటాది. లేదంటే మనకు మిషన్లు చాలు. ఎవరో గీసిచ్చిన దానికి అచ్చు పోసుకుంటా ఉందాం. రూముని ప్యాకింగుకి ఇచ్చేస్తా. కోపం పెట్టుకోవద్దు, ఎన్నా?"

కోపం పెట్టుకోవడానికి చోటెక్కడ? లోపలంతా భయమే. యాభైకి దగ్గరపడుతున్న డిజైనరుని, అదీ ఆడమనిషిని, కొత్తగా చేర్చుకునే కంపెనీ ఈ ఊళ్ళో లేదని అప్పటికే వాకబు చేసి తెలుసుకున్నాను. "మీ అనుభవానికి తగ్గ ఖాళీ లేదు" అని అందరూ ఎంతో గౌరవంగా చెప్పారు. గీయడం తప్ప నాకు వేరే పని రాదు. ఆ రూము పోతే నేను పోయేది గోనెసంచుల మధ్యకే.

నీళ్ళలో ముంచడమంటే బకెట్లో వేసి తీయడం కాదు. ముందు కనెక్టరుని పొయ్యిలాంటి పెట్టెలో పెట్టి వేడి చేస్తాం. ఆ వేడి మీదే చల్లటి ఉప్పునీళ్ళలోకి దించుతాం. పంపు పని చేస్తే వేడెక్కుతుంది, వాన పడితే చప్పున చల్లారుతుంది, అందుకని. చల్లారినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతుంది. పిల్లలు జ్యూసు డబ్బాలో గొట్టం పెట్టి పీల్చినట్టు బయటి నీళ్ళను లోపలికి లాగుతుంది. వెంట్రుకంత దారి దొరికితే చాలు. నీటికి నీతి లేదు. ఎవరింటికైనా పోతుంది, పిలవకుండానే పోతుంది, పోయాక బయటికి రాదు. లోపల ముందుగానే ఒక తెల్ల టిష్యూ కాగితం ముక్క పెట్టి ఉంచుతాం. బయటికి తీసి, తుడిచి, విప్పి, కాగితం చూస్తాం. పొడిగా ఉంటే పాసు.

ఎండాకాలమంతా ఆ కాగితం తడిసింది. రింగు మెత్తగా చేస్తే నలిగి పక్కకి జరిగింది. గట్టిగా చేస్తే మూత పడలేదు. రింగు కూర్చునే గాడి లోతు పెంచాను, తగ్గించాను, మళ్ళీ పెంచాను. నిద్రలో కూడా గాడి తప్పాను. కాకినాడావిడ ప్రతి ముక్కనీ విప్పి, పుట్టిన బిడ్డ చెవిటిదని చెప్పే డాక్టరంత జాలిగా నా వైపు చూసేది.

"మళ్ళీ తడిసిందండి."

"ఎంత?"

"పిండుకోవచ్చండి."

ఆఖరికి గాడి అంచు కాస్త వాలుగా చేస్తే నిలిచింది. ఒకసారి కాదు, చేసినప్పుడల్లా నిలిచింది. కాగితం పొడి. ఆమె ఆ కాగితాన్ని నా బుగ్గకి రాసి, "చూడండి, తలంబ్రాల బియ్యంలా పొడిపొడిగా ఉంది" అంది. కోయంబత్తూరుకి కబురు పెట్టాం. వాళ్ళ ఇంజినీరు వచ్చి తన కళ్ళ ముందు ముంచి చూస్తానన్నాడు. విజయదశమి మర్నాటికి కుదిరింది. శాంపిళ్ళు తయారు చేసి, లోపల కాగితం పెట్టి, మూతలు బిగించి అట్టపెట్టెలో సర్దాను.

మద్రాసులో ఆయుధపూజ అంటే తెలుసుగదా. ఆ రోజు మిషన్లు ఆగుతాయి, కడుగుతారు, గంధం కుంకుమ పెడతారు. స్పానరు మొదలు కంప్యూటరు దాకా అందరికీ బొట్టే. పటం ముందు పెట్టిన సామాను మర్నాడు తీసేదాకా ముట్టుకోకూడదు. ఓనరుగారు మా శాంపిళ్ళ పెట్టె కూడా పటం ముందు పెట్టమన్నారు. పెట్టాం. నేను కూడా కళ్ళు మూసుకుని, వేరే కోరికలేమీ కలపకుండా, ఒక్క రబ్బరు రింగు కోసమే దణ్ణం పెట్టుకున్నాను. దేవుడికి అంత చిన్న కోరిక వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఇంజినీరు వచ్చాడు. తమిళాయన, మాటలు తక్కువ, నా వయసే ఉంటుంది. పెట్టెలోంచి మూడు ముక్కలు తనే ఏరాడు. వేడి చేశాం. దించాం. అరగంట ఆగాం. నీళ్ళలో ఒక ముక్క పక్క నుంచి చిన్న బుడగ పైకి వచ్చింది. బయట అతుక్కున్న గాలి అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. విప్పారు. మూడూ తడిశాయి.

ఎండాకాలంలో తడిసినప్పుడు ఏడుపొచ్చేది. అప్పుడు అది కూడా రాలేదు. ఓనరుగారు ఇంజినీరుతో, "సరే సార్, టీ తాగుదాం రండి" అన్నారు. చావుకొచ్చినవాళ్ళతో ఇంటి పెద్ద మాట్లాడే గొంతు అది. నా వైపు చూడకుండా ఇద్దరూ కిందికి దిగారు. నేను బాత్‌రూములోకి పోయి ముఖం కడుక్కున్నాను. నీళ్ళ వల్ల ఏడ్చినా నీళ్ళతోనే కడుక్కోవాలి కదా, ఏం చేస్తాం. అద్దంలో చూసుకుంటే గోనెసంచుల కొట్టు కనిపించింది.

తిరిగి వచ్చేసరికి కాకినాడావిడ కిటికీ దగ్గర నిలబడి ఒక కాగితం ముక్కని వెలుగుకి పెట్టి చూస్తోంది.

"ఇదేంటండి, ఎర్రగా ఉంది?"

"తుప్పా?"

"లోపల ఉన్నది ఇత్తడండి. ఇత్తడికి తుప్పేంటండి?"

తీసుకుని చూశాను. తడిసిన కాగితం అంచున లేత ఎరుపు. రింగుని పిన్నుతో పైకి లేపాను. దాని కింద గాడిలో, నానిన ముద్దలా కొంచెం ఎరుపు, కొంచెం పసుపు. వాసన చూశాను. గంధం.

మిగిలిన ముక్కలన్నీ విప్పాం. అన్నిట్లోనూ ఉంది. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క బొట్టు, ఎంతో శ్రద్ధగా, సరిగ్గా రింగు కింద.

"అయ్య బాబోయ్," అంది ఆమె. "ఎవరండీ ఇంత భక్తి?"

ఎవరో నాకు తెలిసిపోయింది. పూజ రాత్రి యూనిట్ తాళం ఒక్కరి దగ్గరే ఉంది. కిందికి దిగి, ఓనరుగారిని ఒక్క నిమిషం అని పక్కకి పిలిచి, అరచేతిలో ఆ రింగు పెట్టి చూపించాను.

"నేనే పెట్టినానమ్మా," అన్నారు ఆయన, ఇందులో ఏముందన్నట్టు. "పైన పెడితే కస్టమరు చూస్తాడు, అసయ్యంగా ఉంటాదని లోపల పెట్టినాను. ఎవరికీ తెలవకుండా ఒకొక్కటీ విప్పి, రబ్బరెత్తి, దాని కింద. ఆడైతే ఎవరికీ కనబడదు గదా."

"ఆడే సార్, నీళ్ళు ఆగాల్సింది."

మాట అందడానికి ఆయనకు కాసేపు పట్టింది. అందాక, పెద్ద మనిషి, గోడ పట్టుకున్నారు. నేను చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆయనే పోయి ఇంజినీరు ముందు నిలబడి, దాచకుండా చెప్పేశారు. "కుంకుమ సార్. నేను పెట్టింది. ఈ అమ్మ మీద తప్పు లేదు." ఆ ఇంజినీరు మొదటిసారి నవ్వాడు. వాళ్ళ కంపెనీలోనూ మోటార్ల మీద గంధం ఇంకా ఆరలేదట. ఇంకోసారి చేసి చూపించండి అన్నాడు.

కడిగాం, తుడిచాం, ఆరబెట్టాం, కొత్త కాగితాలు పెట్టి ముంచాం. ఈసారి పొడి. మూడూ పొడి. ఓనరుగారు పటం వైపు తిరిగి దణ్ణం పెట్టబోయి, ఏమనుకున్నారో, చెయ్యి దించేశారు.

గేటు దాకా ఇంజినీరుని సాగనంపడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. కారెక్కబోతూ ఆగాడు. తమిళంలో, నెమ్మదిగా చెప్పాడు.

"మేడమ్, మీరు కష్టపడ్డారు. కానీ ఈ పంపు పోయేది నీళ్ళు నిలిచిన వీధిలోకి. మోకాటి లోతు బురదలో నిలబడి ఎవరో దీన్ని విప్పుతారు, మళ్ళీ పెడతారు. వాళ్ళ చేతికి మట్టి ఉంటుంది. చిటికెడు కుంకుమకి దారి ఇచ్చిన రింగు మట్టికి ఇవ్వకుండా ఉంటుందా?"

నేను నీళ్ళు నమిలాను. నమలడానికి అవి కూడా లేవు, నోరు ఎండిపోయింది. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట నేను తప్ప ఎవరూ వినలేదు.

వారం తిరక్కుండా మెయిలు వచ్చింది. ఈ సీజనుకి వేరే చోట తీసుకుంటున్నామని రెండే రెండు వాక్యాలు. కారణం రాయలేదు. ఓనరుగారు డిజైన్ రూముకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డారు. బయట ఆ వానాకాలపు మొదటి వాన పడుతోంది.

"నా వల్లనే పోయిందమ్మా. ఆ కుంకుమ చూసినాక వాళ్ళకు మన మీద నమ్మకం పోయుంటాది. నేను చేసిందానికి నీ రూము తీస్తే నన్ను దేవుడు కూడా క్షమించడు. రూము ఈడే ఉంటాది. నువ్వు ఉండు. సరేనా?"

నాకు కావలసింది అదే. ఎండాకాలమంతా, దసరా అంతా నేను కోరుకున్నది ఆ ఒక్క మాట. సరే సార్ అంటే చాలు. కాకినాడావిడ కుర్చీలోంచి నా వైపు చూసి, అనండి అన్నట్టు కళ్ళెగరేసింది. పాపం, ఆమె రూము కూడా అదే.

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డ తీరు చూడలేకపోయాను. గోడ పట్టుకున్నప్పటికంటే వంగిపోయి ఉన్నారు. ఈ మనిషి ఇక ఏ దసరాకీ నిశ్చింతగా ఒక బొట్టు పెట్టలేడు. పైగా ఆ రూములో కూర్చుని నేను గీసేదేమిటి? మళ్ళీ అదే రింగా?

"మీ కుంకుమ వల్ల పోలేదు సార్," అన్నాను. "గేటు దగ్గర ఆయన నాతో చెప్పాడు. మట్టి పడినా ఇట్లే కారుతుందన్నాడు. నిజమే. మీరు పెట్టకపోయినా వానలో పోయేది. డిజైనే చాలదు."

ఆయన వంచిన తల ఎత్తారు. కాకినాడావిడ నుదురు కొట్టుకోవడం పక్కనుంచి వినిపించింది.

"ఇది నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు సార్."

"పైత్యమామ్మా నీకు?" అన్నారు. తిట్టో మెప్పో తెలియలేదు. లోపలికి వచ్చి, అప్పుడు కూర్చున్నారు. "సరే, మట్టికి నిలవాలంటే ఏం చెయ్యాల?"

"ఒక రింగు చాలదు. ఒకదాని వెనక ఒకటి మూడు అంచులుండాలి. మూత లోపలికి పోయేటప్పుడు ముందుది మట్టిని తోసేస్తుంది, వెనకవి నీళ్ళను ఆపుతాయి."

"నిలుస్తాదా?"

అవునని చెప్పాలని ఎంతుందో. "తెలవదు సార్."

ఆయన లేచారు. రూముని ఈ గోడ నుంచి ఆ గోడకి కళ్ళతో కొలిచారు. "మొదట నేను చెప్పిన మాట ఒకటుంది. నువ్వు చెప్పిన మాట ఒకటుంది. సగం రూము ప్యాకింగుకి ఇస్తా. సగంలో నువ్వు గీయి. వానలు అయినాక చూస్తాం."

మధ్యాహ్నానికే మనుషులు అట్టపెట్టెలు మోసుకొచ్చి మా టేబుళ్ళని కిటికీ వైపు జరిపారు. పెట్టెల గోడ లేచింది. దాని వల్ల ట్యూబులైటు వెలుగు సగానికి ఆగిపోయింది. కాకినాడావిడ నాకు వీపు పెట్టి ఒక పెట్టె మీద కూర్చుంది. తర్వాత బకెట్ తీసుకుని కిందికి పోయింది. వాన నీళ్ళు నిలిచిన గేటు ముందు వంగి, చేత్తో బురద ఎత్తి బకెట్లో వేస్తుండడం కిటికీలోంచి కనిపించింది.

పైకి తెచ్చి నా కాళ్ళ దగ్గర దించింది.

"గీయండి మరి. ముంచడానికి ఇదుంది."