నాలుగో అధ్యాయం మీద నా సంతకం

2019 జూలై. విజయనగరంలో నేను పనిచేసిన గణిత విభాగంలో గౌరి ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఇస్తోంది. థీసిస్ సమర్పించే ముందు నలుగురి ఎదుట చెప్పి ఒప్పించాలి, అదే ఆ సెమినార్. ఆమె సాలూరు అమ్మాయి, చీపురుపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరర్. గైడ్‌ని నేను. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు ఆగస్టు ఆఖరుతో ముగుస్తుంది, అప్పటికే రెండుసార్లు పొడిగించారు. అది దాటితే ఆరేళ్ల పని పోయినట్టే. వెనక బెంచీలో ఆమె తండ్రి పైడిరాజు కూర్చున్నాడు. సాలూరు నుంచి ఘాటీ మీదుగా ఒడిశాకి లారీ తోలే మనిషి.

గౌరి సమస్య రైలు పట్టా గురించి. సమదూరంలో అడ్డంగా వేసిన స్లీపర్ దిమ్మెల మీద అంతు లేకుండా సాగే పట్టా ఎలా వంగగలదో చెప్పే సమీకరణం. అది నాన్‌లీనియర్, అంటే బలం రెట్టింపైతే వంపు సరిగ్గా రెట్టింపు కాదు. ఇలాంటివాటికి జవాబును సూత్రంగా రాయలేం, జవాబు ఉందని రుజువు చేయడమే పని. అందుకు పట్టా తీసుకోగల ప్రతి ఆకారానికీ ఒక ఎనర్జీ కడతాం. ఆ ఎనర్జీ కొండల్లా లోయల్లా ఉంటుందనుకుంటే, నేల ఎటూ వాలకుండా ఉన్న చోటు క్రిటికల్ పాయింట్. అదే జవాబు. అసలు వంగని పట్టా ఎలాగూ ఒక జవాబే. వంగినది కావాలి.

గౌరి దాన్ని తండ్రికి కూడా తెలిసేలా చెప్పింది. ఈ లోయ నుంచి ఆ లోయకి దారులెన్నో. ఒక్కో దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఒకటి ఉంటుంది. ఆ ఎత్తు అతి తక్కువగా ఉన్న దారి పడితే, దాని పైభాగంలో నేల సమంగా ఉంటుంది. దీన్ని మౌంటెన్ పాస్ అంటారు, కొండలు దాటించే ఘాటీ లాంటిది.

పైడిరాజు లేచాడు. "బాబూ, నానొకటి అడగొచ్చా?"

"అడగండి."

"మా ఓనరు అంతే. ఇంకా తక్కువ ఎత్తు దారి ముందుంది, ఎల్లమంటాడు. ఎల్తే ఇంకోటి ఇంకా ముందుందంటాడు. అలా పోతానే ఉంటే డీజిలు అయిపోద్ది గానీ ఘాటీ రాదు. మీ దారి అలా పోదని ఏటి నమ్మకం?"

ఇద్దరు స్కాలర్లు నవ్వారు. "నాన్నా, కూకో" అంది గౌరి, తల వంచుకుని.

నేను నవ్వలేదు. ఆయన అడిగినదాన్నే మేం కంపాక్ట్‌నెస్ అంటాం. జవాబుకి దగ్గరవుతున్న ఆకారాల వరుస నిజంగా ఒక ఆకారానికి చేరాలి. పట్టాకి రెండు కొసలుంటే చేరుతుంది. అంతు లేని పట్టా మీద ఆ వంపు దూరంగా జారిపోతూనే ఉండొచ్చు. నాలుగో అధ్యాయంలో కొసలున్న పట్టాకి మాత్రమే చెల్లే వాక్యం ఒకటి అంతు లేని పట్టాకీ అలాగే రాసి ఉంది. అధ్యాయం చివర నా సంతకం ఉంది.

గౌరిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చి ఆ అధ్యాయం పాత ప్రతి తీశాను. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు.

"ఎవరు పెట్టారిది?"

"నేనే సార్."

"మరి అడగలేదేమమ్మా?"

"అమ్మగారు పోయిన తొమ్మిదో రోజది సార్. మైల ఇంట్లోకి లెక్కలేటి తెస్తాం? ఆఫీసు ద్వారా పంపించాను. మీరు సంతకం పెట్టేసరికి సరిపోయిందనుకున్నాను."

నా భార్య ఆ ఫిబ్రవరిలో పోయింది. పదో రోజున గౌరి మా ఇంటికి వచ్చింది, ఆడవాళ్ల మధ్య కూర్చుంది, వెళ్లింది. చావింటికి వెళ్లినవాళ్లు తమ పని సంగతి ఎత్తరు. ఆ రోజుల్లో బల్ల మీదికి వచ్చిన కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టి పంపేశాను, బల్ల ఖాళీ కావాలని. ఆమె మౌనాన్ని నేను సందేహం లేకపోవడం అనుకున్నాను. నా సంతకాన్ని ఆమె జవాబనుకుంది.

గడువు పెంచమని యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. పొరపాటు గైడ్‌దని అందులో పెట్టాను. నా పేరు పాడవుతుందని గౌరి వద్దంది.

"నా పేరు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు లెక్క చూడు."

ఉత్తరానికి జవాబు రాలేదు. నాలుగో రోజున గౌరే వచ్చింది.

"సార్, స్లీపర్లు ఎక్కడ చూసినా ఒకేలా ఉన్నాయి కదా. వంపు ఎంత దూరం జారితే అన్ని స్లీపర్లు వెనక్కి జరిపేస్తేనో? ఎనర్జీ మారదు."

"జారకుండా పలచబడి మాయమైపోతే?"

దానికి రెండు వారాలు పట్టింది. పలచబడితే ఎనర్జీ సున్నాకి చేరాలి. ఘాటీ ఎత్తు సున్నా కాదు. అంతా కలిపి మూడు పేజీలు. ఈసారి ప్రతి పంక్తీ వేలు పెట్టి చదివాను. గడువుకి నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చింది.

వైవా రోజున పైడిరాజు మళ్లీ వచ్చాడు. "అయితే ఘాటీ ఉన్నట్టేనా బాబూ?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఎక్కడో చెప్పలేం. ఉందని మాత్రం చెప్పగలం."

"దానికి ఆరేళ్లా" అని, కూతురి వైపు చూసి, "సాల్లే" అన్నాడు.

జారిపోయినదాన్ని వెనక్కి తేగలిగామంటే పట్టా ఆసాంతం ఒకేలా ఉండబట్టి. ఒక మనిషి పోయిన ఇల్లు అలా ఉండదు. ఈ పోలికను ఇంతకన్నా సాగదీయను.

ఆ పాత ప్రతి నా దగ్గరే ఉంది. కొత్త స్కాలర్ ఎవరు చేరినా మొదటి రోజున ఆ అధ్యాయం చూపిస్తాను, పెన్సిల్ గుర్తు, సంతకం రెండూ. మా ఇంట్లో ఎవరు పోయినా సరే, అడగాల్సింది ఉంటే వచ్చి తలుపు కొట్టమంటాను. సరేనంటారు. అయినా రారని నాకు తెలుసు. అందుకే సంతకం పెట్టే ముందు నేనే అడుగుతాను, పెన్సిల్‌తో ఎక్కడైనా గుర్తు పెట్టుకున్నావా అని.