ఏడు ఏప్రిల్ సంతకాలు

బోగోలు దగ్గర ఒక ప్రైవేటు బడిలో పేరమ్మ ఏడేళ్లు ఆయాగా చేసింది. పసిపిల్లల ముక్కులు తుడవడం, బాత్రూములు కడగడం, బస్సులో నిద్రపోయినవాళ్లను ఎత్తుకుని దింపడం ఆమె పని. ఏటా ఏప్రిల్ ఆఖరున కరస్పాండెంట్ సుధాకర్ ఒక కాగితం ఇచ్చేవాడు. ‘నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను’ అని టైపు చేసి ఉండేది. ఆమె సంతకం పెట్టేది. జూన్‌లో బడి తెరవగానే వచ్చి చీపురు పట్టుకునేది.

ఈ జూన్‌లో వెళ్తే ఆమె చోట ఇంకెవరో ఉన్నారు.

“నువ్వే మానుకున్నావు గదా,” అన్నాడు సుధాకర్, ఏమీ ఎరగనట్టు.

పేరమ్మ ఏడవలేదు. కావలి వెళ్లి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. ఈమెకింత ధైర్యం ఎక్కడిదని ఊళ్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. నిజానికది ధైర్యం కాదు, ఒళ్లుమంట.

విచారణ రోజున అధికారి ఆ ఏడు కాగితాలూ బల్లమీద పరిచాడు.

“చదవకుండా పెట్టావామ్మా సంతకాలు?”

“చదివే పెట్టినా సార్. ఆ నెలల్లోనే మాకు సముద్రంలో చేపల వేట బందు. పడవలు గట్టునుంటాయి. జూన్‌లో ఎవురి పడవ వాళ్లు ఎక్కుతారు. వాళ్లని కొత్తోళ్లని ఎవురన్నా అంటారా? ఇదీ అంతే అనుకున్నా.”

అధికారి నవ్వలేదు. ఏటా ఇలా ఆపి మళ్లీ తీసుకోవడం, పాత ఏళ్లు లెక్కకు రాకుండా సర్వీసు తెంచడానికేనా అని సుధాకర్‌ను అడిగాడు. సుధాకర్, సరే, రేపటినుంచి రమ్మన్నాడు. తయారుచేసి తెచ్చుకున్న కాగితం ఒకటి ముందుకు జరిపాడు. ‘కొత్తగా పనిలో చేరుతున్నాను’ అని ఉంది అందులో.

“దీనిమీద పెడితే పాత ఏడేళ్ల సంగతి అడగడానికుండదమ్మా,” అన్నాడు అధికారి. “పెట్టకపోతే కోర్టుదాకా పోవచ్చు. ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను.”

పేరమ్మకు భయం వేసింది. భర్త హజరత్తయ్య వేటకు పోయినా చేప సరిగా పడటం లేదు. ఉద్యోగమేమో ఎదురుగా, చెయ్యి చాస్తే అందేలా ఉంది. ఆమె కలం తీసుకుంది. ‘కొత్తగా’ అన్న మాట కొట్టేసి, పైన ‘తిరిగి’ అని రాసి, కింద సంతకం పెట్టింది.

సుధాకర్ ఆ కాగితం ముట్టుకోలేదు. అధికారే దాన్ని తీసుకుని, మిగతా ఏడింటి మీద పెట్టి, ఫైలు కట్టాడు.