ప్రభుదాసుగారి బస్సు పరీక్ష

కొత్త మందు గురించి ఎవరేం చెప్పినా ప్రభుదాసుగారు అడిగే ప్రశ్న ఒక్కటే: "బస్సుందా?"

ఎలకల్లో పనిచేసిన మందును మనుషుల దాకా ఎలా తేవాలో నేర్పే పీజీ కోర్సుకు, నరసరావుపేట కాలేజీలో ఆయనే పెద్ద. ఒకరోజు విద్యార్థి భానుప్రకాష్ తన మందు మీద ముప్పై స్లైడ్లు చూపించి చెమట తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తీశారు.

"బాగుంది. నీ పేషెంటుది క్రోసూరు అనుకో. బస్సుందా?"

"ఇది మాలిక్యూల్ గురించి సార్!"

"మాలిక్యూల్ రక్తంలో పోద్దిరా. పేషెంటు దేంట్లో వస్తాడు?"

క్లాసులో గుండె బొమ్మ పక్కనే మాచర్ల, దాచేపల్లి బస్సుల వేళలు ఆయన చేత్తో రాసి తగిలించారు. పిల్లలు ఆయనకు చాటుగా పెట్టిన పేరు బస్టాండు కంట్రోలర్‌గారు. ఆ పేరు పెట్టింది భానుప్రకాష్ క్లాసులోనే చదివే నీరజే.

ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. షుగర్ జబ్బుతో అరికాళ్ళు మండేవాళ్ళకు పనికొచ్చే మందు. ఎలకల్లో నెగ్గింది, ఆరోగ్యవంతుల్లో భద్రమని తేలింది. ఇక నలభై మంది రోగుల మీద చూడాలి, వాళ్ళంతా బొల్లాపల్లి అవతలి పల్లెవాళ్ళు. మనుషుల మీద పరీక్షలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ శుక్రవారం తొమ్మిదిన్నరకు సరేనంటే వెంటనే మొదలు. కాదంటే కమిటీ మళ్ళీ కూర్చునేది ఆరు నెలలకు. అప్పటికి నీరజ కోర్సు అయిపోతుంది, ఫైలు బీరువాలోకి పోతుంది.

రోగులు ఎనిమిది వారాలు, వారానికోసారి పొద్దున ఎనిమిదింటికి ఏమీ తినకుండా వచ్చి రక్తం ఇవ్వాలని ఆమె రాసింది. మార్జిన్‌లో ఎర్రసిరా: "బస్సుందా?" కింద "ఉంది సార్" అని రాసి ఇచ్చేసింది. ఏ బస్సో చూడలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరయింది. ఆమె గైడు ప్రభుదాసుగారు లేరు! నీరజ కమిటీ ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"సార్, ఎక్కడున్నారు?"

"బస్సులో."

గది గదంతా ఘొల్లుమంది. నీరజకు మాత్రం ఏడుపొచ్చింది.

తొమ్మిది యాభైకి ఆయన దిగబడ్డారు. జుట్టునిండా దుమ్ము, ఎండిన పెదాలు. నీరజ కంగారుగా టిఫిన్ డబ్బా తెరిచి ఇడ్లీ అందించింది.

"వద్దు. రక్తం తియ్యకుండా తినకూడదని నువ్వే గదా రాసింది!"

కమిటీ వైపు తిరిగారు. "బొల్లాపల్లి అవతల పల్లెలో పొద్దున్నే లేచా. మూడు కిలోమీటర్లు నడిచి మొదటి బస్సెక్కా. ఎనిమిదింటికి రమ్మన్నారు, ఇప్పుడొచ్చా. నాకు షుగర్ లేదు, అయినా కళ్ళు తిరుగుతున్నయ్. మందులేసుకునే ముసలామె అయితే దారిలోనే పడిపోద్ది."

అధ్యక్షులు నాగభూషణరావుగారు పెన్ను మూశారు. "అయితే కాదనమంటారా?"

"ఎవరన్నారు?" సంచిలోంచి కాగితం తీశారు. "ఆ ఊరి హెల్త్ సెంటర్లోనే రక్తం తీస్తారు, నర్సమ్మ రాసిచ్చింది. తీయగానే టిఫిన్ తింటారు. రక్తం ఐసు పెట్టెలో ఇక్కడికొచ్చుద్ది. మనిషి ఆకలికి ఆగలేడు, పెట్టె ఆగుద్ది. పెట్టెకు బస్సుంది! డ్రైవర్ని కూడా అడిగొచ్చా."

కాగితంతోపాటు ఒక పాత నోటుబుక్కు జారిపడింది. నిండా అతికించిన బస్సు టిక్కెట్లు. ప్రతి పేజీ మీద ఒక విద్యార్థి పేరు. క్రోసూరు టిక్కెట్లు రెండు, భానుప్రకాష్ పేరు కింద. బొల్లాపల్లివి మూడు, నీరజ పేరు కింద. తేదీలు చూస్తే, ఈ వారంలోనే మూడుసార్లు వెళ్ళొచ్చారు!

నీరజ అక్కడే కూర్చుని తన ఫైల్లో రక్తం తీసే పేజీ తిరగరాసి సంతకం పెట్టింది. కమిటీ సరేనంది. ఊరివాళ్ళ తరఫున కమిటీలో కూర్చునే టైలర్ ఖాతూన్ బీ మాత్రం వదల్లేదు.

"అంతా బానే ఉంది మాస్టారూ, మీటింగుకి ఆలస్యమేంది?"

"దీనికి ముందు బస్సు లేదమ్మా."

గది మళ్ళీ ఘొల్లుమంది. ఈసారి నీరజ కూడా నవ్వింది. షుగర్ మిషను తెచ్చి ఆయన వేలు పట్టుకుంది. చుక్క రక్తం తీసి, డబ్బా ముందుకు జరిపింది.

"తీసేశాను సార్. ఇక తినండి."

ఆయన ఇడ్లీ తుంచారు. "మొదటి పేషెంటు ఆలస్యంగా వచ్చాడని రాసుకో."

"పేషెంటు కాదు సార్," అంది నీరజ, "నేను. ఏ బస్సో అప్పుడే చూడాల్సింది."