చున్నీ తీసి ఇల్లు వెతుక్కున్న రోజు: ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా

బెంగళూరులో నాలుగేళ్లలో ఆరు పనులు మారాను. టీ మాస్టరు, పెయింటు పని, పార్సిల్ బండి, ఇంకా ఏవేవో. ఏడో తరగతి మధ్యలో అమ్మానాన్నలతో సుగ్గికి వెళ్లిపోయాను. సుగ్గి అంటే మా కోసిగి వైపు జనం పనుల్లేని నెలల్లో గుంటూరు మిరప చేలకు కూలికి పోవడం. మళ్ళీ బడి ముఖం చూడలేదు. అలాంటి నాకు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో లోడు బండి డ్రైవరుగా పని దొరికింది. సోమవారం చేరాలి. సొంత ఊరు అక్కడికి రైల్లో గంట కూడా లేదు. ఇక తిరుగుడు చాలు, అక్కడే ఉందాం అనుకున్నాను. కాకపోతే నేను ఒక్కణ్ణే కాదు.

నా భార్య రినిది మిజోరాం. బెంగళూరులో ఒక సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. ఆమె కళ్లూ, ముఖం చూసి అక్కడే రోజుకొకరు నేపాలా, చైనానా అని అడుగుతారు. ఆదోనిలో ఎలా ఉంటుందోనని ఆమెకు భయం. బయలుదేరే ముందు నాతో తేల్చి చెప్పింది. "ఒక్క రోజు వచ్చి చూస్తాను. నన్ను చూసి కూడా ఇల్లు ఇచ్చేవాళ్లు ఒక్కరైనా ఉంటే ఉంటాను. లేకపోతే సాయంత్రం బండికి వెనక్కి వెళ్లిపోతాను. నువ్వు మిల్లులో చేరు, నేను సెలూన్‌లో ఉంటాను." మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వేరే రాష్ట్రపు భార్యతోనో భర్తతోనో ఈ వైపు మకాం మార్చాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఆ ఒక్క రోజు సంగతి చెబుతున్నాను.

ఇల్లు ఒకటి చూశానని ఆమెకు చెప్పాను, ఎలా మాట్లాడానో చెప్పలేదు. అంతకు ముందు వారం నేను ఒక్కణ్ణే ఆదోని వచ్చి ఇల్లు మాట్లాడేశాను. ఇంటాయన సుబ్బన్న, గుమాస్తాగా చేసి మానేసిన పెద్దాయన. మీ ఆవిడది ఏ ఊరని అడిగితే బెంగళూరు అన్నాను. ఆయన నమ్మి తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. శనివారం పొద్దున్నే వచ్చి పాలు పొంగించుకోండి, నేను ఏడున్నర దాకా గుళ్ళో ఉంటాను అన్నాడు. మా వైపు అద్దె ఇంట్లో అయినా పాలు పొంగాక అదే రోజు ఎవరినీ పొమ్మనరు, అది ఇంటికి మంచిది కాదంటారు. నేను దాన్ని పట్టుకున్నాను. ఆయన రినిని చూసేలోపు పాలు పొంగిపోవాలి. అదీ నా లెక్క.

శుక్రవారం రాత్రి బెంగళూరులో ఎక్కితే తెల్లవారాక ఆరుకి ఆదోనిలో దిగాం. స్లీపర్ టికెట్టు మనిషికి మూడు వందల లోపే. స్టేషన్ బయట అర లీటరు పాలు కొన్నాను. గిన్నె బెంగళూరు నుంచే తెచ్చాం. "ఇక్కడ పత్తి దుమ్ము ఎక్కువ" అని రినికి చున్నీ ఇచ్చి, ముఖానికి కళ్ల దాకా చుట్టుకోమన్నాను. దుమ్ము నిజమే. పత్తి కాలంలో మార్కెట్ యార్డు వైపు వెళ్లే బండ్ల నుంచి దూది ఎగిరి కరెంటు తీగలకు కూడా పట్టుకుని ఉంటుంది. కానీ చున్నీ దాని కోసం కాదు. ఆటో అతను అరవై అడిగాడు, నలభైకి వచ్చాడు. అద్దంలో రినిని ఒకసారి చూసి, "అక్కకు జరమాన్నా?" అని అడిగాడు. "దుమ్ము పడదప్పా" అన్నాను. ఆమెకు ఆ మాత్రం తెలుగు అర్థమవుతుంది. కళ్లు తిప్పి నా వైపు చూసింది.

ఇంట్లో మూల ఒక స్టవ్ ఉంది, అంతే. గిన్నె పెట్టి మంట పెంచాను. రిని చున్నీ విప్పబోతే, "పాలు పొంగేదాకా ఉంచుకో" అన్నాను. ఇంట్లో దుమ్ము ఎక్కడుంది అంది. నేను కిటికీ వైపు చూశాను. ఏడు దాటి పది నిమిషాలైంది. ఆమె నన్నూ, గిన్నెనూ, కిటికీనీ వరసగా చూసింది.

"ఆయనకు నా గురించి చెప్పలేదు కదా?"

"చెబుతాను. ముందు పాలు పొంగనీ."

"పాలకూ నాకూ ఏమిటి సంబంధం?"

చెప్పాను. పాలు అంచు దాకా నురగ కట్టి లేస్తున్నాయి. ఇంకో పది లెక్కపెడితే పొర్లేవి. రిని స్టవ్ ఆపేసింది. నురగ అలాగే కిందికి దిగిపోయింది. "ఈ ఇంట్లోకి వస్తున్నది నేనా, నీ చున్నీయా?" అంది. అరవలేదు. చున్నీ విప్పి మడిచి బ్యాగులో పెట్టి, వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చుంది. మళ్ళీ స్టవ్ వెలిగిద్దామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను, సిగ్గు లేకుండా.

సుబ్బన్న నుదుట కుంకుమతో వచ్చి ఆమె ముందు ఆగిపోయాడు. "ఎవరప్పా ఈ పాప?"

"నా పెండ్లాము సార్. మిజోరాం."

"బెంగుళూరంటివే?"

"ఆడినుంచే వచ్చినాం సార్."

"యాడినుంచి వచ్చినారని కాదు నేనడిగింది. యాడోల్లని." ఆయన గొంతు పెంచలేదు. పక్కింటావిడ గోడ మీద నుంచి చూస్తోందని తెలిసి ఇంకా తగ్గించాడు. "మా వీధిలో ఒకొకరూ ఒకొక మాటంటారప్పా. ఏం తింటారో, ఎవరెవరు వస్తారో. నా కోడలు ఒక్కతే ఉంటాది పగలంతా."

"మాకు ఎవరూ రారు సార్. పొద్దున పోతే మాపుకు వస్తాం."

"అదంతా ముందే చెప్పింటే నేను ఇంట్లో కూకోబెట్టి మాట్లాడి చూసేటోణ్ణి. ఇస్తానో ఇయ్యనో, అది వేరే. నువ్వే దాచుకున్న మనిషిని నేనెట్ల నా ఇంట్లో పెట్టుకోవాలప్పా?"

ముందే చెప్పి ఉంటే ఆయన ఇచ్చేవాడని నేను ఇప్పటికీ అనుకోను. కానీ ఆ వంక ఆయన చేతికి ఇచ్చింది నేనే. తాళంచెవి అరుగు మీద పెట్టాను. రిని పాలగిన్నెకు మూత పెట్టి ఒడిలో పట్టుకుంది. ఇద్దరం నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్లాం. దారంతా ఆమె నాకంటే నాలుగు అడుగులు ముందే నడిచింది.

బస్టాండు దగ్గర ఒక సందులో లక్ష్మక్క అనే ఆమె బండి మీద ఉగ్గాని అనే బొరుగుల ఉప్మా, మిరపకాయ బజ్జీ, టీ అమ్ముతుంది. ప్లేటు నలభై. రిని పాలగిన్నె ఆమె ముందు పెట్టి వచ్చిన తెలుగులో, "ఇవి పోస్తే టీ అవుతాదా?" అని అడిగింది. లక్ష్మక్క నా వైపు చూసి, "ఏమప్పా, మా టీలో నీల్లుంటాయని ఇంటికాడ్నుంచి పాలు మోసుకొస్తిరా?" అంది. పక్కన తింటున్న ఇద్దరు నవ్వారు. వాళ్లు అప్పటిదాకా రినినే చూస్తున్నారు, తర్వాతా చూశారు. ఒకతను ఫోను పైకెత్తి ఏదో చూస్తున్నట్టు ఆమె వైపు పెట్టాడు. నేను లేవబోతే రిని నా మోచెయ్యి పట్టుకుంది. ఫోను దించేదాకా అతని కళ్లలోకే చూస్తూ బజ్జీ తింది.

అక్కడినుంచి పదకొండున్నర దాకా ఆదోనిలో మూడు ఇళ్లు చూశాం. ఈసారి ఇద్దరం కలిసే వెళ్లాం. మొదటి ఇంట్లో నా కులం అడిగి, క్రిస్టియన్లమని చెప్పగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నారు. ఇల్లు అద్దెకు అన్న బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంది. రెండో చోట రిని ముఖం చూడగానే తలుపు సగమే తెరిచి మాట్లాడారు. మూడో ఆయన మంచిగానే మాట్లాడి, కూల్‌డ్రింకు కూడా ఇచ్చి, రేషన్ కార్డు ఈ జిల్లాది ఉంటేనే ఇస్తామన్నాడు. బయటికొచ్చాక రిని సాయంత్రం బండి ఎన్నింటికని అడిగింది. ఆరుకి అన్నాను. సరే అంది. ఆ సరే విన్నాక నాకు ఎండ కూడా తెలియలేదు.

మళ్ళీ లక్ష్మక్క బండి దగ్గరికే వచ్చాం. ఎక్కడ కూర్చోవాలో తెలియక. జరిగింది చెప్పాను, నేను చేసిన తప్పుతో సహా. ఆమె బాణలి దించి చేతులు తుడుచుకుంది. "ఎమ్మిగనూరులో మా సిన్నమ్మ ఈరమ్మ ఉండాది. ఎనకాల గది ఖాళీనే. ఆడినుంచి దినామూ బస్సుకు రావల్ల, పర్వాలేదా?" పర్వాలేదన్నాను. "అయితే ముందే అన్నీ చెప్పేయక్కా" అన్నాను. ఆమె అక్కడికక్కడే ఫోన్ చేసి, రిని ముందే గట్టిగా చెప్పింది. "మొగోడు మన కోసిగోడే సిన్నమ్మా. పెండ్లాము శానా దూరం. కండ్లు సిన్నగుంటాయి. కాదులే, సైనా కాదు, మన దేశమే. ఆ, కారం బాగా తింటాది. సూసినాంక నీ ఇష్టం." రిని తల దించుకుని వింది. ఫోన్ పెట్టేశాక నాతో, "ఆమె నా గురించి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు" అంది.

రెండు గంటల బస్సు ఎక్కాం. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకి దాదాపు గంట పడుతుంది, టికెట్టు యాభై లోపు. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు లేదు కదా అని నేను ఒక్కటే తీసుకోబోయాను. కండక్టరు ఆధార్ చూపించమన్నాడు. కార్డు తిప్పి తిప్పి చూశాడు. "మిజోరాం. ఇది యాడొస్తాదమ్మా?" రిని చేతిని వీలైనంత పైకి చాచి కుడి పక్కకు తిప్పింది. బస్సులో ముందు వరస అంతా ఆ చేతి వైపు చూసింది. "ఇక్కడి అడ్రసు ఉండాలమ్మా ఫ్రీ కావాలంటే. ఇల్లు దొరికినాంక మార్పించుకో. అంతదాకా టికెట్టే" అని కొట్టి ఇచ్చాడు. ఆ ఉదయం నుంచి ఇల్లు దొరుకుతుందన్నట్టు మాట్లాడింది ఆయన ఒక్కడే. కిటికీ బయట పత్తి కట్టె మిగిలిన చేలు వెళ్తున్నాయి. నేను మాత్రం గంటకోసారి కాదు, నిమిషానికోసారి టైము చూసుకుంటున్నాను. తిరిగి ఆరు గంటల బండి అందాలంటే ఎమ్మిగనూరులో నాలుగున్నరకల్లా బస్సెక్కాలి.

ఈరమ్మది నేతగాళ్ల వీధి. పక్క ఇళ్లలో మగ్గాలు టకటకమంటున్నాయి. ఆమె ముందు గదిలో మగ్గం మీద మాత్రం గుడ్డ కప్పి ఉంది, భర్త పోయినప్పటి నుంచి నేయడం లేదట. అరవై దాటిన మనిషి. మమ్మల్ని గుమ్మం బయటే నిలబెట్టి రినిని పైనుంచి కింది దాకా చూసింది. నన్ను చూడనే లేదు.

"ఏం వండుకుంటావమ్మా?"

నేను నోరు తెరిచేలోపు రిని చెప్పేసింది. "అన్నం, కూర, కోడి. పంది కూడా."

ఈరమ్మ వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి చూసింది. తర్వాత, "మా వీధిలో తిననోల్లెవరో, తిని మూతి తుడుసుకునేటోల్లెవరో నాకు తెలుసులే. ఈ ఇంట్లో మాత్రం పొయ్యి మీదికి రాకూడదు. కావాలంటే బయట తినిరా" అంది.

రిని ఆలోచించింది. "కోడి?"

"కోడి నేనే తింటా."

"సరే అవ్వా."

"పిల్లోల్లు సైనా, సైనా అని ఎనకబడతారు. నేను ఎంతమంది నోర్లు మూసేది?"

"బెంగళూరులో కూడా అంటారు. నేను పేరు చెప్తా. మళ్ళీ అంటే వాళ్ల అమ్మ దగ్గరికి పోతా."

ఈరమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "ఒక నెల సూస్తానప్పా. నీల్లు దినం మార్చి దినం వస్తాయి, ఇద్దరూ పట్టుకోవల్ల. సరిపడకపోతే పొమ్మంటా. మొకానే సెప్తా, ఎనకాల సెప్పను."

నేను చేతులు జోడించబోయాను. రిని నాకంటే ముందు, ఒక్కో మాట వెతుక్కుంటూ తెలుగులోనే అంది. "నేనూ ఒక నెల చూస్తా అవ్వా. నాకు సరిపడకపోతే నేనూ మొకానే చెప్తా."

ఆ వీధిలో మగ్గాల చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. ఈరమ్మ ఆమెనే చూస్తూ ఉంది, కోపమో ఏమో తెలియలేదు. తర్వాత పక్కకు జరిగి గుమ్మానికి దారి ఇచ్చింది. "సీపురు ఆ మూలుండాది. గది దుమ్ము పట్టింటాది, ఊడ్సుకోండి." నాలుగైంది. రిని చీపురు నాకిచ్చి, వాకిట్లోకి వెళ్లి సెలూన్‌కు ఫోన్ చేసింది. మానేస్తున్నానని చెప్పలేదు. ఒక నెల సెలవు అడిగింది.

ఇది రాసేనాటికి ఆ నెలలో పదకొండు రోజులు అయ్యాయి. ఊరు మమ్మల్ని కలుపుకుందని రాయలేను. పిల్లలు ఇంకా అరుస్తున్నారు, రిని ఇద్దరి ఇళ్లకు వెళ్లొచ్చింది కూడా. చిన్నప్పుడు గుంటూరు వైపు మేం నీళ్లకు ఊళ్లోకి వెళ్తే సుగ్గోళ్లు వచ్చారని తలుపులేసుకునే వాళ్లను చూసి నేను చాలా ఏడ్చాను. అయినా నా భార్య ముఖానికి చున్నీ చుట్టింది నేనే. ఎదుటివాళ్లు వద్దంటారన్న భయంతో, వాళ్లు అనకముందే నేను వద్దన్నాను. ఆదోనిలో తలుపులు మూసిన నలుగురి మీద నాకు కోపం ఉంది. కానీ మొదటి తలుపు మూసింది వాళ్లు కాదు. ఇప్పుడు రిని పొద్దున్నే వాకిట్లో బిందె పట్టుకుని నిలబడితే నీళ్ల వరసలో అందరూ చూస్తారు. చూడనీ అనుకునే ధైర్యం ఆమెకు మొదటి నుంచీ ఉంది, నాకు ఇప్పుడిప్పుడే వస్తోంది.

ఈ వైపు మకాం మార్చేవాళ్లకు ఒక్క మాట: ఇల్లు చూడటానికి మొదటిసారే ఉండబోయే వాళ్లందరూ కలిసి వెళ్లండి, అదీ ఉదయం పూట. వద్దనేవాళ్లు అక్కడే వద్దంటారు, ఇంకో నాలుగు ఇళ్లు చూడటానికి పగలు మిగిలి ఉంటుంది.