తెప్ప పక్షి

బస్తర్ సంస్థానం దేశంలో కలవడానికి ఇంకా ఏడెనిమిదేళ్ళుంది. మద్దేడు వైపు ఒక చిన్న కచేరీలో నేను తర్జుమా మున్షీని. ఇంగ్లీషు కాగితాలను హిందీలోకి, అవసరమైతే తెలుగులోకి మార్చడం నా పని.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక జమీందారు తోటలోంచి నిప్పుకోడి పిల్ల తప్పిపోయింది. వారం తిరక్కుండానే జవాన్లు ముత్తయ్య అనే దొర్ల తెగ రైతును పట్టుకొచ్చారు. వేటాడిన దాని ఎముకను చూరుకు కట్టడం వాళ్ళింట్లో అలవాటు. ఆ చూరుకు ఒక పెద్ద పక్షి రొమ్మెముక వేలాడుతోందట.

"వాగుల బెగ్గురు కొంగను కొట్టిన దొరా" అన్నాడు ముత్తయ్య. ఎవరూ నమ్మలేదు.

పక్షిని అమ్మిన వ్యాపారి రసీదులో "రాటైట్ పిల్ల" అని మాత్రమే ఉంది. "ఆ మాటకు అర్థం రాసివ్వు, దాన్నిబట్టి తేలుస్తా" అన్నారు తహశీల్దారు.

నా చిన్న నిఘంటువులో రెండే ముక్కలున్నాయి: నిప్పుకోడి జాతిది; మూలం లాటిన్‌లో తెప్ప. ఎడారిలో పరుగెత్తే పక్షికి తెప్పతో ఏం పని? రెండు రోజులు తల పట్టుకుని, చివరికి "నీళ్ళ మీద తెప్పలా తేలే పక్షి" అని రాసిచ్చాను.

"వాగులో కొట్టానని వాడే ఒప్పుకున్నాడుగా!" అన్నారు తహశీల్దారు.

నా తర్జుమాయే అతణ్ణి జైలుకు పంపేలా ఉంది.

ముత్తయ్య భార్య పోసక్క రోజూ కచేరీ వసారాలో కూర్చునేది. ఆమెకు సంగతి చెప్పి, జవాన్లు చూరు నుంచి తెచ్చిన ఎముక చూపించాను.

"ఇది తెప్ప ఏంది? తెప్ప చదునుగుంటది గదా. దీని నడుమ కత్తి లెక్క లేచింది చూడు. కోడికీ గిట్లనే ఉంటది. ఎన్నడు చూడలేదా?"

"నేను మాంసం తిననమ్మా."

"గందుకే!" ఏడుస్తూనే నవ్విందామె.

అయితే ఆ పేరులోని తెప్ప నీళ్ళ మీద తేలేది కాదా, రొమ్మెముక ఆకారమా? నాకు నమ్మకం కుదరలేదు, అలాగని కాదనలేకపోయాను. నా అర్థాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసి, వ్యాపారికి ఉత్తరం వేయించమని తహశీల్దారును వేడుకున్నాను. ఇరవై రోజులకు జవాబొచ్చింది: ఈ జాతి పక్షుల రొమ్మెముక చదును, ఎగిరే పక్షులకుండే నిలువు గట్టు ఉండదు, అందుకే ఆ పేరు.

ముత్తయ్యను వదిలేశారు. అప్పటికి అడవిలో వాళ్ళు ఏరుకోవలసిన ఇప్పపువ్వు రాలడం అయిపోయింది. వాళ్ళ ఏడాది ఆసరా పోయింది.

వెళ్తూ వెళ్తూ పోసక్క ఆగింది. "ఇగ నుంచి తెలవకపోతే తెలవదని రాయి దొరా."

ఆ తర్వాత నా తర్జుమాల్లో ఎన్నో చోట్ల "తెలియదు" అని రాశాను. పైవాళ్ళు విసుక్కున్నారు కూడా. ఆ నిప్పుకోడి పిల్ల చివరికి ఏమైంది? మొన్న ఆ ఏటి డైరీ తీసి చూశాను. అక్కడా అదే మాట ఉంది.