నీలం రంగు సూర్యుడు, వసంత మేడం

మొన్న ఆఫీసులో మూలన పడి ఉన్న పాత మానిటరు ఆన్ చేస్తే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. నిజామాబాద్‌లో నేను ఎమ్మెస్సీ చదివిన కాలేజీ ల్యాబు కళ్లముందు నిలిచింది. అందులో ఉండేవి: ఒక కంప్యూటరు, దానికన్నా గట్టిగా మూలిగే స్టెబిలైజరు, ఒక ఫ్యాను, రెండు స్టూళ్లు. ఒక స్టూలు మీద నేను, రెండోదాని మీద మా ఫిజిక్స్ లెక్చరర్ వసంత మేడం.

మేడం వాళ్లది రెంజల్ దగ్గర చెరకు పండించే కుటుంబం. క్లాసులో పుస్తకాల తెలుగు, ల్యాబులో ఇంటి తెలుగు మాట్లాడేవారు. సూర్యుడి చుట్టూ ఉండే పలుచని వేడి వాయువు పొరను కరోనా అంటారు. ఉపగ్రహం తీసిన అతినీలలోహిత చిత్రాల నుంచి దాని ఉష్ణోగ్రత లెక్కగట్టడం నా ప్రాజెక్టు. అందులో తప్పితే డిగ్రీ ఏడాది ఆగుతుంది, అప్పటికే ఖాయమైన ఉద్యోగం పోతుంది.

వైవాకు వారం ముందు మేడంకు నా పని చూపించాను. ఇంటర్నెట్ సెంటర్లో దించుకున్న సూర్యుడి బొమ్మలు రెండు, ఒకే రోజు రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో తీసినవి, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ.

"నీలందే ఎక్కువ వేడని రాసినవేందిరా?"

"గ్యాస్ పొయ్యి మంట నీలంగుంటేనే వేడెక్కువ గదా మేడం."

ఆమెకు నవ్వు ఆగలేదు. "అరే నరేశ్, అతినీలలోహితం మన కంటికి కనవడ్తదా? గా నీలం సూర్యునిది గాదు, ఫొటో జేసినోళ్లు గుర్తుకు పూసిండ్రు. రేపు గులాబి పూస్తె సూర్యుడు సల్లవడ్తడా?"

"అయితే వెలుగెక్కువున్న చోట వేడెక్కువని రాయాల్నా?"

"రేపు జెప్త ఆగు."

మర్నాడు చెరకుగడతో వచ్చారు. "మేడం, ల్యాబుల జ్యూస్ బండి వెడ్తున్నరా?" అని అటెండరు నవ్వాడు. మొదలు నుంచి ఒక ముక్క, కొస నుంచి ఒక ముక్క కోసి నాకిచ్చారు. మొదలు తియ్యగా ఉంది, కొస చప్పగా ఉంది.

"మొదలొక్కటే నమిలి గడ పండిందంటే మా బాపు ఉరికిస్తుండె. రెండు దిక్కుల తీపి పోల్చాలె. నీ బొమ్మలు గూడ గంతే."

ఒక్క బొమ్మలో ఓ చోట వెలుగు ఎక్కువుందంటే అక్కడ వేడి ఎక్కువ కావచ్చు, లేదా వాయువే ఎక్కువ కావచ్చు. వాయువు పెరిగితే రెండు బొమ్మల్లోనూ వెలుగు ఒకేలా పెరుగుతుంది, వేడి మారితే మాత్రం ఒక్కోదానిలో ఒక్కోలా మారుతుంది. అందుకే రెండు బొమ్మల్లోనూ అదే చోటి వెలుగును తీసుకుని ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వాయువు లెక్క కొట్టుకుపోతుంది, వేడి లెక్క మిగులుతుంది. మేడం రంగులు లేని, అంకెలు మాత్రమే ఉండే అసలు ఫైళ్లు తెప్పించారు. వారమంతా భాగహారాలే.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్లజోడు పైకి తోశారు. "సూర్యుడి ఉపరితలం ఆరు వేల డిగ్రీలు కూడా లేదు. దానిపై పొర లక్షల్లోనా? సున్నాలు ఎక్కువ పడ్డాయేమో చూసుకో బాబూ."

మేడం వైపు చూశాను. ఆమె ఫ్యాను వైపు చూస్తున్నారు. ఇక నేనే లేచి బోర్డు మీద భాగహారం మొత్తం చేశాను. అంత వేడి ఎందుకన్నది ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చలేదని, ఎంత వేడన్నది మాత్రం ఇదేనని చెప్పాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు.

బయటికి రాగానే అడిగాను. "ఫ్యాన్ల ఏముంది మేడం, గట్ల సూసిండ్రు?"

"నీ మొఖం సూస్తే నవ్వొస్తదని."

ఇప్పుడు నా ఉద్యోగంలో రోజూ రంగురంగుల గ్రాఫులు వస్తాయి. ఎర్రగా ఉన్నది చూసి అందరూ కంగారుపడతారు. నేను ముందు దాని అంకె అడుగుతాను, తర్వాత దాన్ని దేనితో పోల్చారని అడుగుతాను. ఈ అలవాటు మేడం పెట్టిందే. ఆ ప్రాజెక్టులో తేలిన సగటు ఉష్ణోగ్రత పదమూడు లక్షల కెల్విన్.