గొంగడి మీద మాట

సారు పోయారని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నల్గొండలో, పాఠాలు చెప్పే బడికి పోతూ ఆటోలో ఉన్నాను. ఈ ఏటి తొలి వాన అప్పుడే పడి వెలిసింది. భువనగిరిలో వాళ్ల అక్క ఇంట్లో, నిద్రలోనే పోయారట. ఆటో దిగి రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపులోనే ఇంకో ఆలోచన వచ్చింది. వాన పడింది కదా, గుట్టకు కంప ఎవరు వేస్తారు? తమ్ముణ్ని అడిగాను. "నేను పట్నంల ఉన్ననక్కా, నాకేం తెల్సు? బాపుకు చెప్పిన. ఊ అని పెట్టేసిండు, మల్ల ఎత్తుతలేడు" అన్నాడు.

చావు కబురు విని ముళ్లకంప గురించి ఆలోచించే మనిషి ఎవరమ్మా అని మీరు అనుకోవచ్చు. మా సారు గురించి చెప్పాలంటే ఆ కంప గురించే చెప్పాలి.

మాది మర్రిగూడ దగ్గర ఊరు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ గొర్లే బతుకు. తిండి, బట్ట, నా కాలేజీ చదువు అన్నీ వాటి మీదే. ఊరి వెనకాల ఒక గుట్ట. దాని కింద ఊటబావి. ఆ బావి నీళ్లు కొబ్బరి నీళ్లలా ఉండేవని మా అవ్వ చెప్పేది. నాకు బుద్ధి తెలిసేసరికి గుట్ట బోడిగుండయింది, బావిలో నీళ్లకు బదులు రాళ్లు కనిపించేవి. అందరం బోరు నీళ్లు తాగేవాళ్లం. ఆ ఫ్లోరైడు నీళ్లు మా పళ్లకూ కీళ్లకూ ఏం చేశాయో మా దిక్కు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఏదో బయటి దేశం పైసలతో ఒక ప్రాజెక్టు వచ్చింది. ఆ దేశం పేరు మా బాపుకు ఏనాడూ నోరు తిరగలేదు. "గా దూరపోళ్లు" అనేవాడు. ఊరి మొదట్లో బోర్డు పాతారు. ఒక జీపు వచ్చింది, అందులోంచి సారు దిగారు. సన్నటి మనిషి, మందపాటి కళ్లద్దాలు, కుక్కను చూస్తే జీపెక్కేవారు. గుట్ట చుట్టూ రాతికట్ట కట్టి, వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, మొక్కలు పెడతామన్నారు. వాన గుట్టలోనే ఇంకితే బావి బతుకుతుందన్నారు. మూడు వానకాలాలు మాత్రం ఒక్క గొర్రె కూడా గుట్ట ఎక్కొద్దన్నారు.

"మూడు వానకాలాలు గొర్లు గాలి బుక్కుతయా సారూ?" అన్నాడు బాపు. కులపెద్ద ఆయనే, ఆయన ఒప్పుకోనిదే మిగతావాళ్లు ఒప్పుకోరు. గుట్ట లేదంటే మందలు తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా వలస పోవాలి. దారిలో తోడేళ్లు, దొంగలు, రోగాలు. సగం మంద తిరిగి వస్తే గొప్ప.

వాదన తెగలేదు. చివరికి బాపు భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచాడు. అంతకుముందు వచ్చిన ఆఫీసర్లకు గొంగడి చూపిస్తే కుర్చీ అడిగేవారు. సారు చెప్పులు విడిచారు గానీ కూర్చోలేదు.

"దీని మీద కూసుంటే ఏమైతదో ముందుగాల చెప్పుండ్రి" అన్నారు.

"గొంగడి మీద ఇచ్చిన మాట తప్పితే, మల్ల మా ఇండ్లల్ల ఎవ్వలు నిన్ను కూసోమనరు. గంతే."

సారు గుట్ట వైపు చూశారు. తర్వాత కూర్చుని, "మూడు వానలు పోయినంక గడ్డి తోని గుట్ట మీ చేతుల పెడ్త" అన్నారు. ప్రాజెక్టు పెడుతుందనలేదు, నేను పెడతానన్నారు. ఆ తేడా ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు.

రాతికట్ట కట్టారు, కందకాలు తవ్వారు, మొక్కలు పెట్టారు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మొక్కలు నిలువునా ఎండాయి. సరిగ్గా అప్పుడే, పైసలిచ్చిన దేశం నుంచి ఒక పెద్దమ్మ చూడడానికి వస్తుందని కబురొచ్చింది.

మా ఊరివాళ్లకు పెద్ద కష్టమొచ్చి పడింది. అంత దూరం నుంచి చుట్టం వస్తుంటే ఎండిన గుంతలు చూపిస్తామా? మా బాపే ముందు నడిచాడు. తెల్లవారేసరికి ఊరంతా గుట్ట మీద ఉంది. వేపకొమ్మలు, కానుగ కొమ్మలు కొట్టుకొచ్చి గుంతకొకటి గుచ్చారు. కింద నీళ్లు కూడా చల్లారు. ఇది మోసమని ఒక్కరికి కూడా తోచలేదంటే నమ్మండి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల కోసం పక్కింటి కుర్చీలు తెచ్చి వేస్తాం, ఇదీ అంతే.

ఆ అమ్మ టోపీ పెట్టుకుని వచ్చింది. ఎండలో నిగనిగలాడుతున్న కొమ్మలను చూసి మురిసిపోయింది. బాపు మీసం తిప్పుకున్నాడు. వెనకాలే గుట్టెక్కిన సారు ఒక్కసారి అటూ ఇటూ చూశారు. ముఖం మాడిపోయింది. వంగి ఒక కొమ్మను పైకి లాగి, వేర్లు లేని మొదలు ఆమెకు చూపించారు. సెలవులకు ఇంటికొచ్చిన నేను పక్కనే ఉన్నాను. ఇంగ్లీషులో చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇదీ: మొక్కలు చచ్చిపోయాయి, ఇవి ఈ పొద్దు గుచ్చిన కొమ్మలు, మీ మీద గౌరవంతో చేశారు, తప్పు పట్టకండి.

ఆమె కొమ్మను తన చేతుల్లోకి తీసుకుని, మళ్లీ అదే గుంతలో జాగ్రత్తగా గుచ్చి దిగిపోయింది.

కొన్నాళ్లకు పైసలు ఆగిపోయాయి. ఆ కొమ్మల వల్లో, వాళ్ల లెక్కలు వాళ్లకుండో తెలియదు. బాపు సారు మీద మండిపడ్డాడు. "గా ఒక్క మాట మింగితే మీదేం వోయేది సారూ? ఊరి ఇజ్జతు తీస్తిరి."

"మింగుతుంటి. మింగితే గుట్ట మీద గడ్డి మొలుస్తదా చెప్పుండ్రి" అన్నారు సారు.

జీపు పోయింది. ప్రాజెక్టులో జీతానికి పనిచేసేవాళ్లంతా పోయారు. బోర్డు ఎవరింట్లోనో కోళ్లగూటికి కప్పయింది. సారు మాత్రం మా పక్కింట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నారు. పొద్దున్నే రాతికట్టలో దారి విడిచిన చోటికి పోయి, కంప అడ్డం వేసి, పక్కన రాయి మీద గొడుగు పట్టుకుని కూర్చున్నారు. జీతం లేదు, పైన అడిగేవారు లేరు. సాయంత్రాలు మర్రిగూడలో పిల్లలకు లెక్కలు చెప్పి ఆ వచ్చినదాంతో బతికేవారు.

జీతం లేకుండా చదువుకున్న మనిషి ఎండలో కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? గుట్ట కింద ఏదో ఉందన్నారు. ఒకరు గ్రానైటన్నారు, ఒకరు నిధి అన్నారు. యురేనియం అన్న మాట మా ఊళ్లో ముసలివాళ్లకు కూడా ఆ ఏడే వచ్చింది. చివరికి బాపే పోయి అడిగాడు. "నిజం జెప్పు సారూ. ఎందుకున్నవ్?"

"మూడు వానలంటి గద. ఒక్కటే పోయె" అన్నారు సారు.

ఇది బాపు ఇంటికొచ్చి మాకు చెప్పి, అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. తెల్లారి మంద తోలుకొని వలస పోయాడు. పోయేముందు మిగతా కాపరులందరినీ పిలిచి గుట్ట జోలికి పోవద్దని చెప్పి మరీ పోయాడు.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా సారుకు నేను చాయ్ తీసుకుపోయేదాన్ని. చక్కెర వేస్తే తాగేవారు కాదు, వేయకపోతే ముఖం చిట్లించేవారు. ఆయనకు చూడముచ్చటైన అలవాటు ఒకటుండేది, గొర్రెలకు మర్యాద ఇవ్వడం. దారిన పోయే మంద కంప దగ్గర మూగితే మావాళ్లయితే బూతులు తిడతారు. సారు లేచి కర్ర అడ్డం పెట్టి, "జరుగుండ్రి తల్లీ, జర జరుగుండ్రి" అనేవారు. వలస నుంచి వచ్చి ఊళ్లో ఉన్న రోజుల్లో బాపు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "గొర్రెకు అండ్రి అంటే ఇంటదా సారూ?"

"ఇనకపోతే మానె. నా నోరన్న మంచిగుంటది" అనేవారు.

కంప వేశారు కదా, ఇంక ఎందుకీ కాపలా అని అడిగితే, "కంప గొర్రెను ఆపుతది బిడ్డా, ఆకలిని ఆపదు. మొలక లేసేటప్పుడు మనిషి కూసోవాలె" అన్నారు. బయటి సాయం గురించి ఆయనకు కోపమేమీ లేదు. ఆ పెద్దమ్మను ఎప్పుడూ మంచిగానే తలుచుకునేవారు. "చెయ్యి వట్టి లేపుతరు. నడిచే కాళ్లు మనయే గావాలె గద" అనేవారు.

తర్వాతి వానలు మంచిగా పడ్డాయి. కందకాలు నిండాయి. ఎప్పుడో కొట్టేసిన సీతాఫలం మోళ్లు, మోదుగ మోళ్లు చిగురు పెట్టాయి. పాత గొర్రె పెంటికల్లో పడి ఉన్న తుమ్మ గింజలు కందకాల పొడుగునా మొలిచాయి. పెట్టిన మొక్కల్లో ఒక్కటీ లేదు. "నేను వెట్టినయి సచ్చినయి, మీ గొర్లు వెట్టినయి బతికినయి" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేవారు. తను ఓడిపోయిన సంగతి అంత సంబరంగా చెప్పుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మూడో వానకాలం పోయి దీపావళి దాటాక మందలన్నీ గుట్ట కింద ఆగాయి. సారు కంపను తన చేతులతోనే పక్కకు లాగారు. ముళ్లు గుచ్చుకుని రక్తం కారుతోంది, చూసుకోలేదు. గొర్రెలు లోపలికి పోయాయి. పోయినవి పోయినట్టే గడ్డిలో మునిగిపోయాయి. మెడగంటల చప్పుడు వినిపిస్తోంది గానీ గొర్రె కనిపించదు. పుట్టిన నాటి నుంచీ చూస్తున్న గుట్ట, నాకు కొత్తగా కనిపించింది.

బాపు గొంగడి తీసి పరిచాడు. సారు నవ్వి, "ఇంకేం మాట ఇయ్యాలె పెద్దమనిషీ?" అన్నారు.

"మాట గాదు సారూ. ఊకె కూసో" అన్నాడు బాపు.

ఆ తర్వాత ఆయన పోతారనుకున్నాం. పోలేదు. తొలి వానకు కంప వేయడం, దీపావళి దాటాక తీయడం ఊరికి పద్ధతైపోయింది, వేసేదీ తీసేదీ మాత్రం సారే. బావిలో మళ్లీ ఊట కనిపించింది. తాగి చూసిన మా అవ్వ, "గివే నీళ్లు" అని కూర్చుండిపోయింది. మొన్న ఎండాకాలం సారుకు ఒంట్లో బాగాలేక వాళ్లక్క భువనగిరికి తీసుకుపోయింది. బస్సెక్కుతూ, "తొలి వానకు వస్త" అని బాపుతో చెప్పారట.

భువనగిరిలో సారును కడసారి చూశాను. మా ఊరి నుంచి ఒక ఆటో నిండా జనం వచ్చారు. బాపు మాత్రం లేడు. సారు వాళ్లక్క నా చెయ్యి పట్టుకుని, "మీ బాపు రాలేదా బిడ్డా? మాటకు ముందు ఆయన పేరే తీసేటోడు" అంది. తల ఎత్తలేకపోయాను. అంత చేసిన మనిషి పోతే పిడికెడు మట్టి వేయడానికి రాలేవా అని నిలదీయాలనుకున్నాను. అక్కణ్నుంచి అటే బస్సెక్కి ఊరికి పోయాను.

ఇంట్లో బాపు లేడు. "నిన్న కబురు ఇన్నకాణ్నుంచి గుట్ట కాడనే ఉన్నడు" అంది అమ్మ.

పోయాను. దారికి కంప అడ్డం వేసి ఉంది. బాపు అరచేతులు గీరుకుపోయి ఉన్నాయి. సారు కూర్చునే రాయి మీద గొంగడి పరిచి ఉంది, దాని మీద ఎవరూ లేరు. బాపు పక్కన తడి నేల మీద కూర్చున్నాడు. కంప అవతల గుట్ట మీద నిన్నటి వానకు తడిసిన గడ్డి దుబ్బుల్లో అప్పుడే పచ్చటి మొనలు పొడుస్తున్నాయి.

నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు. "తొలి వాన వడ్డదే బిడ్డా. ఆయన రాకపాయె. నేను గూడ ఆడికి వోతే ఈడ ఎవ్వలుండాలె?"

అంతలో పక్క ఊరి మంద ఒకటి వచ్చి, తడి గడ్డి వాసనకు కంప మీదికి ఎగబడింది. జన్మంతా గొర్రెలను తిట్టి తోలిన మా బాపు మోకాళ్లు పట్టుకుని లేచాడు. కర్ర అడ్డం పెట్టి, మెల్లగా అన్నాడు.

"జరుగుండ్రి తల్లీ. జర జరుగుండ్రి."